బ్రాకెట్లో పేరు

ఇష్టమైన వికెట్ కీపర్ ఎవరని మన హాస్టల్లో అడిగి చూడండి. పదిమందిలో తొమ్మిదిమంది ధోనీ అంటారు, మిగిలినవాడు పంత్ అంటాడు. నేను కె.ఎస్. భరత్ అంటే ఒక్క క్షణం ఆగి, "ఎవురూ, ఆ వైజాగ్ అబ్బాయా?" అంటారు. అంతే, టాపిక్ మారిపోతుంది.

2021 నవంబర్, వరదలొచ్చిన నెల. నేను ఇంటర్ ఫస్టియర్, చిత్తూరులో ఇంట్లో ఉన్నాను. 27వ తేదీన నాయన, నేను టీవీ ముందు కూర్చున్నాం. కాన్పూర్‌లో న్యూజిలాండ్‌తో టెస్టు, మూడో రోజు. సాహాకి మెడ పట్టేసిందని గ్లౌజులేసుకుని ఇంకొకడు వచ్చాడు. "ఎవుర్రా ఈ పిల్లోడు?" అన్నాడు నాయన. నాకూ తెలీదు.

151 పరుగుల దాకా న్యూజిలాండ్‌కి ఒక్క వికెట్ కూడా పడలేదు. అప్పుడు అశ్విన్ వేసిన బంతి ఒకటి లేవనే లేదు. విల్ యంగ్ బ్యాట్ అంచుకి తగిలి చీలమండ ఎత్తులో వస్తే భరత్ పట్టేశాడు. అంపైర్ నాటౌట్ అన్నాడు. భరత్ వదల్లేదు, రహానేతో రివ్యూ తీయించాడు. ఔట్! తర్వాత అక్షర్ బౌలింగ్‌లో రాస్ టేలర్ క్యాచ్, 95 మీదున్న లాథమ్ స్టంపింగ్ కూడా అతనివే.

మా బ్రాంచ్ టీమ్‌లో నేను రెండో కీపర్‌ని కాబట్టి చెబుతున్నా, అలాంటి పిచ్ మీద స్పిన్నర్‌కి కీపింగ్ అంటే నరకం. బంతి పడకముందే పైకి లేచామా, అది కాళ్ళ సందులోంచి పోతుంది. లేవాలని ఒళ్ళంతా లాగుతున్నా కూర్చునే ఉండాలి.

మ్యాచ్ అయ్యాక స్కోర్‌కార్డు చూశాను. క్యాచ్ పట్టినవాడి చోట 'సబ్' అని, పక్కన బ్రాకెట్లో భరత్ పేరు. 2017లో రూల్ మారబట్టి సబ్‌స్టిట్యూట్ కీపింగ్ చేయొచ్చు గానీ, ఆ వికెట్లు అతని కెరీర్ లెక్కలోకి రావు. రంజీలో ట్రిపుల్ సెంచరీ కొట్టిన మొదటి కీపర్ అతనేనని కూడా ఆ రాత్రే తెలిసింది. 2015లో గోవా మీద 308. ధోనీ వెనక ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాడు సాహా. ఆ సాహా వెనక భరత్. బెంచికి బెంచి అన్నమాట.

టెస్టు క్యాప్ రావడానికి ఇంకో పద్నాలుగు నెలలు పట్టింది. పంత్‌కి యాక్సిడెంట్ అయ్యాక, 2023 ఫిబ్రవరిలో నాగ్‌పూర్‌లో. మొత్తం ఏడు టెస్టులు. ఒక్క హాఫ్ సెంచరీ కూడా లేదు, 44 దగ్గర ఆగిపోయాడు. అన్యాయం చేశారని నేననను. అతని తర్వాత వచ్చిన జురేల్ రాంచీలో 90 కొట్టి మ్యాచ్ గెలిపించాడు, దానికేమంటాం?

కానీ 2024 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌తో వైజాగ్ టెస్టు మాత్రం నాకింకా గుచ్చుకుంటుంది. సొంత ఊరు, సొంత గ్రౌండు. మొదటి ఇన్నింగ్స్‌లో 17, రెండోదాంట్లో 6. ఇండియా గెలిచింది. హాస్టల్లో అందరూ బుమ్రా గురించి అరుస్తుంటే నేను ఫోన్ పట్టుకుని బయటికొచ్చాను. నాయన దగ్గర్నుంచి.

"మీవోడు ఎంత కొట్టినాడ్రా?"

"ఆరు, నాయనా."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక మా ఇంటి టీవీ మోగుతోంది.

"కీపింగు ఎట్ల జేసినాడు?"

"బాగా చేసినాడు."

"ఊ. అన్నం తిన్యావా?" అన్నాడు.