రూపాయికి ముప్పావలా నమ్మకం

'ఊరికే' అన్న మాట తెలుగువాళ్లకు ఎన్ని పనులు చేసిపెడుతుందో చూడండి. పక్కింటావిడ కరివేపాకు ఊరికే ఇస్తుంది. అంటే డబ్బులు తీసుకోదు. చంటాడు ఊరికే ఏడుస్తుంటాడు. అంటే అస్తమానం ఏడుస్తాడని, లేదా కారణం లేకుండా ఏడుస్తాడని. రిటైరైన మామగారు ఊరికే కూర్చోలేరు. ఏదో ఒక పని ఉండాలి ఆయనకు. 'ఏం లేదు, ఊరికే అడిగాను' అంటే ఆ అడగడం వెనక వేరే ఉద్దేశం లేదని. మాట ఒక్కటే, అర్థాలు నాలుగైదు. ఎక్కడ ఏ అర్థమో తెలుగు చెవికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అదే మాట ఇంగ్లిషులో చెప్పాల్సి వచ్చేసరికి చాలామంది నోటికి ముందుగా వచ్చేది 'సింప్లీ'. ఊరికే ఇచ్చాడనడానికి 'హీ గేవ్ ఇట్ సింప్లీ'. ఊరికే అడిగాననడానికి 'ఐ సింప్లీ ఆస్క్‌డ్'. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇది ఇట్టే అర్థమైపోతుంది. లండన్‌లోనో డాలస్‌లోనో వినేవాళ్లు మాత్రం ఒక్క క్షణం ఆగుతారు. అక్కడ ఊరికే ఇస్తే 'ఫర్ ఫ్రీ', ఊరికే అడిగితే 'జస్ట్ ఆస్కింగ్', అస్తమానం ఏడిస్తే 'కాన్‌స్టంట్లీ', కారణం లేకుండా ఏడిస్తే 'ఫర్ నో రీజన్'. ఒక్క తెలుగు మాట నాలుగిళ్లకు కాపురం వెళ్లినట్టు.

బడిలో ఆడ్వర్బ్ పాఠం ఇంత తిరకాసుగా ఉండేది కాదు. విశేషణం ఆడ్జెక్టివ్, క్రియా విశేషణం ఆడ్వర్బ్. 'స్లో'కి 'ఎల్‌వై' తగిలిస్తే 'స్లోలీ', 'క్విక్'కి తగిలిస్తే 'క్విక్లీ'. తెలుగులో 'నెమ్మది'కి 'గా' చేర్చి 'నెమ్మదిగా' అన్నంత సులువు. రెండు మార్కుల ప్రశ్న. రాసేసి ముందుకెళ్లిపోవడమే.

అది తొలిమెట్టు మాత్రమే. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన చట్రంలో భాషా నేర్పుకు ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లున్నాయి. నాలుగోది బీ2. దాన్నే అప్పర్ ఇంటర్మీడియట్ అంటారు. ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్ల లెక్కలో సుమారు అయిదున్నర నుంచి ఆరున్నర స్కోరు. ఆ మెట్టుకు చేరినవాళ్లు వాక్యం తప్పకుండా మాట్లాడగలరు. పాస్ట్ టెన్స్, ఫ్యూచర్ టెన్స్ కలగాపులగం చేయరు. ఇబ్బంది పెట్టేవి చిన్న చిన్న మాటలే. ఎందుకంటే ఆ స్థాయిలో ఆడ్వర్బ్ పని ఎలా జరిగిందో చెప్పి ఊరుకోదు. ఆ పని గురించి మాట్లాడేవాళ్ల మనసులో ఏముందో కూడా బయటపెడుతుంది. నమ్మకమెంత, అనుమానమెంత, విసుగెంత, మర్యాదెంత అన్నది తేల్చేది అదే.

పల్నాడు పల్లెలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంజినీరింగ్ చేసి, హైదరాబాద్‌లో ఉద్యోగం సంపాదించిన ఒక కుర్రాడికి ఈ సంగతి కాస్త ఖరీదుగానే తెలిసొచ్చింది. ఇంగ్లిషంటే భయం పోయింది. క్లయింటుతో ఫోన్లో ధైర్యంగా మాట్లాడుతున్నాడు. ఊళ్లో తండ్రి రచ్చబండ దగ్గర 'మావాడు రోజూ అమెరికావాళ్లతో మాట్లాడతాడు' అని చెప్పుకుంటున్నాడు. అలాంటి రోజుల్లో, ఇచ్చిన పని ఎప్పటికవుతుందని క్లయింటు అడిగితే 'మోస్ట్‌లీ ఇట్ విల్ బీ కంప్లీటెడ్ టుమారో' అన్నాడు.

అతని ఉద్దేశం 'బహుశా రేపటికి అయిపోతుంది' అని. అవతలాయనకు వినిపించింది 'రేపటికి చాలా భాగం అయిపోతుంది' అని. ఆ భాగాన్ని పరీక్షించడానికి ఆయన తన మనుషుల్ని సిద్ధంగా కూర్చోబెట్టాడు. మర్నాడు ఏదో చిక్కొచ్చి పని పూర్తి కాలేదు, చేతికివ్వడానికి ఏమీ లేదు. 'బహుశా అన్నానుగా' అని కుర్రాడు. 'చాలా భాగం ఇస్తానన్నావుగా' అని క్లయింటు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. అయినా మాట పోయింది. మూడు నెలలపాటు కుర్రాణ్ని క్లయింటు ఫోన్లకు దూరంగా ఉంచారు. ఆ సంగతి అతను ఇంట్లో చెప్పలేదు. తండ్రి మాత్రం రచ్చబండ దగ్గర పాత మాటే చెబుతున్నాడు.

సాయంత్రాలు అమీర్‌పేటలో ఇంగ్లిషు చెప్పే ఒక రిటైర్డ్ లెక్చరర్ దగ్గర కుర్రాడు చేరాడు. జరిగిందంతా విని ఆయన తప్పొప్పుల జోలికి పోలేదు.

"తెలుగులో ఏమనుకున్నావు నాయనా?"

"రేపటికి అయిపోవచ్చు అనుకున్నాను మాస్టారూ."

"ఎంత నమ్మకంగా?"

"రూపాయికి ముప్పావలా."

"అదీ సంగతి. ముప్పావలా వంతు పని అయితే మోస్ట్‌లీ. ముప్పావలా వంతు నమ్మకం ఉంటే ప్రాబబ్లీ. నువ్వు నమ్మకం గురించి చెబుతున్నావు, ఆయన పని గురించి విన్నాడు."

ఆ పూట నుంచి కుర్రాడి నోట్‌బుక్ మారిపోయింది. అంతకుముందు ఎడమవైపు ఇంగ్లిషు మాట, కుడివైపు తెలుగు అర్థం ఉండేవి. ఇప్పుడు ఎడమవైపు ఇంట్లో మాట్లాడుకునే తెలుగు వాక్యం, కుడివైపు దానికి సరిపడే ఇంగ్లిషు. అలా రాస్తుంటే అతనికి ఒక విషయం తట్టింది. ఇంగ్లిషు విడి మాటతో చెప్పేదాన్ని తెలుగు చాలాచోట్ల మాట తోకలోనే దాచేస్తుంది.

'వచ్చాడు', 'వచ్చాడట'. ఆ చివరి 'ట' ఎంత పని చేస్తోంది! చూసినవాణ్ని నేను కాదు, ఎవరో చెబితే విన్నాను అని ఒక్క అక్షరంలో తప్పుకోవడం. ఇంగ్లిషులో దానికి 'అపారెంట్లీ' కావాలి. పత్రికల భాషలో అయితే 'రిపోర్టెడ్లీ'. అదే 'వచ్చాడట!' అని మూతి విరిస్తే 'సపోజెడ్లీ'. తెలుగులో 'ట' మరిచిపోయేవాళ్లుండరు. ఇంగ్లిషులోకి వెళ్లాక దాన్ని గుమ్మం దగ్గరే వదిలేస్తారు. దాంతో విన్న కబురు కళ్లారా చూసినట్టు అవుతుంది, రేపు అది తప్పని తేలితే బాధ్యత నెత్తిమీద పడుతుంది.

'బాగుంది', 'బాగానే ఉంది' సంగతి కోడళ్లను అడగాలి. పప్పుచారు రుచి చూసి అత్తగారు 'బాగుంది' అంటే ఒక లెక్క. 'బాగానే ఉంది' అంటే ఇంకో లెక్క. బ్రిటిష్‌వాళ్ల 'క్వైట్ గుడ్' చాలాసార్లు ఈ రెండో రకం. ఫర్వాలేదు, పొగిడేంత కాదు అని. అదే మాట అమెరికన్ నోట వస్తే సాధారణంగా మెచ్చుకోలే. 'క్వైట్' అన్న ఒక్క మాటకే అట్లాంటిక్‌కు అటూ ఇటూ రెండు రుచులు.

'ఇంకా' మరో తిరకాసు. 'ఇంకా నిద్రపోతున్నాడా' అంటే 'స్టిల్'. 'ఇంకా లేవలేదా' అంటే 'యెట్'. 'ఇంకా వడ్డించనా' అంటే 'మోర్'. 'అప్పుడే వెళ్లిపోతారా' అని చుట్టాల్ని అడిగితే 'ఆల్రెడీ'. ఇంత తొందరగానా అన్న ఆశ్చర్యం ఆ 'ఆల్రెడీ'లో ఉంటుంది. ఆ ఆశ్చర్యం పట్టుకోగలిగితే ఆ మాట ఎక్కడ వాడాలో వేరే చెప్పక్కర్లేదు.

ఇక 'ఓన్లీ'. 'రవే పచ్చడి తిన్నాడు' అంటే తిన్నది రవి ఒక్కడే. 'రవి పచ్చడే తిన్నాడు' అంటే కూరలు ముట్టలేదు. తెలుగులో ఆ 'ఏ' దేన్ని నొక్కాలో దాని వెనకాలే అతుక్కుంటుంది. అందుకే 'నిన్ననే' కాస్తా 'యెస్టర్‌డే ఓన్లీ', 'అక్కడే' కాస్తా 'దేర్ ఓన్లీ' అయిపోతాయి. నిజానికి అక్కడ 'ఒక్కటే' అన్న అర్థమే లేదు, నొక్కి చెప్పడం మాత్రమే ఉంది. 'జస్ట్ యెస్టర్‌డే', 'రైట్ దేర్' అంటే సరిపోతుంది. ఇంగ్లిషులో 'ఓన్లీ' సాధారణంగా తాను నొక్కే మాటకు ముందు నిలబడుతుంది. ఆ చోటు విషయంలోనూ మరీ పట్టింపు అక్కర్లేదని 1926లో వెలువడిన ఇంగ్లిషు వాడుక నిఘంటువులో ఫౌలర్ వాదించాడు. మాట్లాడేటప్పుడు గొంతు చూసుకుంటుంది. రాసేటప్పుడు మాత్రం చోటు చూసుకోవాలి.

చోటు మారితే అర్థమే తిరగబడే మాటలూ ఉన్నాయి. 'హీ స్పోక్ క్లియర్లీ' అంటే స్పష్టంగా మాట్లాడాడని. 'క్లియర్లీ, హీ స్పోక్' అంటే అతను మాట్లాడాడన్నది స్పష్టమని. మొదటిది అతని ఉచ్చారణ గురించి, రెండోది చెప్పేవాళ్ల నమ్మకం గురించి. వాక్యం మొదట్లో కూర్చునే ఈ రకం మాటలతోనే మర్యాదలు తేడా వస్తాయి. 'ఈ పని సరిచూశారా' అని పై అధికారి అడిగితే 'ఆబ్వియస్లీ' అంటే 'అదీ అడగాలా' అన్నట్టుంటుంది. 'యెస్, సర్టెన్లీ' అంటే గొడవ లేదు. ప్రతి జవాబూ 'యాక్చువల్లీ'తో మొదలుపెట్టే అలవాటు కూడా అంతే. తెలుగులో 'అసలు ఏమైందంటే' అన్నది కథ మొదలుపెట్టడానికే. ఇంగ్లిషులో 'యాక్చువల్లీ' చాలాసార్లు 'మీరనుకున్నట్టు కాదు' అని సరిదిద్దుతుంది. పదిసార్లంటే పదిసార్లు ఎదురుచెప్పినట్టే.

తోక చూసి మోసపోయే మాటలు మరికొన్ని. కష్టపడి పనిచేస్తానని చెప్పబోయి 'ఐ వర్క్ హార్డ్లీ' అంటే ఇంటర్వ్యూ అక్కడితో ఆగిపోవచ్చు. 'హార్డ్' అంటే కష్టపడి, 'హార్డ్లీ' అంటే దాదాపు ఏమీ లేదని. 'లేట్' ఆలస్యం, 'లేట్లీ' ఈమధ్య. 'నియర్' దగ్గర, 'నియర్లీ' దాదాపు. 'ఫ్రెండ్లీ', 'లవ్లీ', 'లోన్లీ'లకు 'ఎల్‌వై' ఉన్నా అవి ఆడ్వర్బులు కావు, ఆడ్జెక్టివులు. స్నేహంగా మాట్లాడాడనాలంటే 'ఇన్ ఎ ఫ్రెండ్లీ వే' అని చుట్టు తిరిగి రావాల్సిందే. ఆ 'హార్డ్లీ'కే ఇంకో ముచ్చటైన పని ఉంది. 'హార్డ్లీ హాడ్ ఐ శాట్ డౌన్ వెన్ ద ఫోన్ రాంగ్' అన్న వాక్యం చూసి విద్యార్థులు బెదిరిపోతారు. 'కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది' అంటే, ఓస్ ఇంతేనా అంటారు.

ఏ మాటకు ఏ జోడీ అన్నది బట్టీతో వచ్చేది కాదు. పచ్చి అబద్ధం, కటిక చీకటి, గాఢ నిద్ర. పచ్చి చీకటి ఎందుకు కాదంటే తెలుగువాళ్ల దగ్గర జవాబు లేదు. కాదంతే. ఇంగ్లిషులోనూ మనసు 'డీప్లీ' గాయపడుతుంది, ఆశ 'బిటర్లీ' భంగమవుతుంది, ఒక పుస్తకాన్ని 'హైలీ' సిఫారసు చేస్తారు, ఒక ప్రతిపాదనను 'స్ట్రాంగ్లీ' వ్యతిరేకిస్తారు. చదువుతూ వింటూ జంటలుగా పట్టుకోవాలి తప్ప అన్నిటికీ 'వెరీ' చల్లుకుంటూ పోతే ప్రతి కూరా ఒకే రుచి వస్తుంది.

తగ్గించడం కూడా నేర్పే. తెలుగులో నడక ఒక్కటే, దాని ముందు 'గబగబా', 'తీరిగ్గా', 'పిల్లిలా' చేరి రంగులు మారుస్తాయి. ఇంగ్లిషు చాలాచోట్ల ఆ రంగును క్రియలోనే కలిపేస్తుంది. గబగబా వెళ్తే 'హరీడ్', తీరిగ్గా నడిస్తే 'స్ట్రోల్డ్', చప్పుడు కాకుండా అడుగులేస్తే 'టిప్‌టోడ్'. క్రియ బలంగా ఉంటే ఆడ్వర్బ్ అవసరం లేదన్న వాదం అందుకే వచ్చింది. నవలాకారుడు స్టీఫెన్ కింగ్ 2000లో రాసిన 'ఆన్ రైటింగ్' పుస్తకంలో ఆడ్వర్బుల మీద గట్టిగానే విరుచుకుపడ్డాడు. కథలు రాసేవాళ్లకు అది పనికొచ్చే సలహా. మాట నిలబెట్టుకోవాల్సిన ఉద్యోగికి మాత్రం 'ప్రాబబ్లీ', 'అపారెంట్లీ' లేకుండా పూట గడవదు.

మూడు నెలల తర్వాత కుర్రాడికి మళ్లీ క్లయింటుతో మాట్లాడే అవకాశం వచ్చింది. అదే ప్రశ్న, ఎప్పటికవుతుందని. ఈసారి అతను 'మోస్ట్ ఆఫ్ ఇట్ ఈజ్ ఆల్రెడీ వర్కింగ్. ద రెస్ట్ విల్ ప్రాబబ్లీ బీ రెడీ టుమారో' అన్నాడు. పనెంతో, నమ్మకమెంతో విడివిడిగా. అవతలాయన 'ఫైన్' అన్నాడు. అంతే. మెచ్చుకోలేమీ లేదు. సరిగ్గా అర్థమైన మాటను ఎవరూ మెచ్చుకోరు కూడా.

అతని నోట్‌బుక్‌లో కుడివైపు ఖాళీగా మిగిలిపోయిన వాక్యాలు రెండున్నాయి. ఒకటి 'పాపం, ఉద్యోగం పోయిందట'. 'అపారెంట్లీ' దొరికింది కానీ 'పాపం' దగ్గర ఆగిపోయింది. 'అన్‌ఫార్చునేట్లీ' రాసి కొట్టేశాడు. అందులో దురదృష్టం ఉంది గానీ జాలి లేదు. రెండోది తండ్రితో అతను తరచూ అనే మాట. పండక్కి వస్తున్నావా అని ఆయన ఫోన్లో అడిగితే 'వస్తానులే నాన్నా' అంటాడు. 'సర్టెన్లీ' ఆఫీసు మాటలా ఉంది. 'ష్యూర్లీ' అంటే తనకే అనుమానం ఉన్నట్టుంది. బెంగపెట్టుకోకు, నేనున్నానుగా అన్నదంతా ఆ 'లే'లో ఉంది. మాస్టారు చూసి 'దాన్ని అలాగే ఉండనీ నాయనా' అన్నారు. ఆ గళ్లు రెండూ ఇంకా ఖాళీయే.