పర్మిషన్ డినైడ్ అంటే ఫైళ్ళు పోయినట్టు కాదు

లినక్స్ వాడే తమ్ముళ్ళు, చెల్లెళ్ళ కోసం రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది బుట్టాయగూడెం వైపు. నూజివీడులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. చదువైపోయి వెళ్ళిన ఒక అక్క మా అందరినీ వాడుకోమని హార్డ్ డిస్కు ఇచ్చింది. అందులో నోట్సులతో పాటు మా పెద్దోళ్ళు కోయ భాషలో చెప్పిన కథల రికార్డింగులున్నాయి. చెప్పినవాళ్ళలో ఇద్దరు ఇప్పుడు లేరు.

నా ల్యాప్‌టాప్‌కి పెడితే డిస్కు కనిపించింది. ఫోల్డర్ తెరవబోతే "పర్మిషన్ డినైడ్". "పాడైపోయింది, ఫార్మాట్ కొట్టెయ్ రా" అన్నాడు రూమ్మేట్. కొట్టేస్తే ఆ గొంతులు మళ్ళీ రావు.

'ఎల్ఎస్ మైనస్ ఎల్‌డీ' కొట్టి ఓనరెవరో చూశా. పేరు లేదు, 1001 అని నంబరుంది. లినక్స్ డిస్కు మీద మనిషి పేరు రాసుకోదు, నంబరే రాసుకుంటుంది. ఉబుంటులో మొదటి యూజర్‌కి మామూలుగా 1000, తర్వాతోళ్ళకి 1001. అక్క తన సిస్టంలో 1001, నేను నా దాంట్లో 1000. తేడా అంతే. డిస్కుకేం కాలేదు.

ఫోల్డర్ మీదుండే మూడక్షరాలూ మన మామిడి తోట లెక్కే. 'ఆర్' ఉంటే లోపల ఏ చెట్లున్నాయో జాబితా చూడొచ్చు. 'ఎక్స్' ఉంటే గేటు దాటొచ్చు. దానికి 'డబ్ల్యూ' కూడా తోడైతే చెట్టు నాటొచ్చు, పీకేయొచ్చు. దారిలో ఉన్న ప్రతి గేటుకీ 'ఎక్స్' కావాలి. ఒక్కటి మూసున్నా లోపలి ఫైలు అందదు.

చాలామంది 'సీహెచ్‌మాడ్ 777' కొట్టమంటారు. అంటే గేట్లన్నీ పీకి పారేయడమే. వద్దు. అక్కకి ఫోన్ చేసి అడిగా, "తీసుకో" అంది. 'సుడో'తో మొత్తం కాపీ చేసి, ఆ కాపీని 'సీహెచ్‌ఓన్ మైనస్ పెద్ద ఆర్'తో నా పేర మార్చుకున్నా. అసలు డిస్కు ఎలా ఉందో అలాగే ఉంది.

ఇంకో మాట. పెన్‌డ్రైవ్ ఫ్యాట్ రకమైతే అందులో ఓనర్ల లెక్కే ఉండదు, సీహెచ్‌ఓన్ పనిచేయదు. మౌంట్ చేసేటప్పుడే యూఐడీ, యూమాస్క్ ఇవ్వాలి. ఏ రకమో 'ఎల్ఎస్‌బీఎల్‌కే మైనస్ ఎఫ్' చెప్తుంది. "రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్" అని వస్తే మాత్రం అది వేరే సమస్య.

"డినైడ్" అని కనబడగానే ఇది మనకి కాదులే అని వెనక్కి తగ్గడం మనలో చాలామందికి అలవాటు. ఆఫీసులోనైనా, స్క్రీన్ మీదైనా ముందు ఓనరెవరు, ఏ గేటు మూసుంది అని అడగండి.

రికార్డింగులు కావాల్సినోళ్ళు చెప్పండి, అక్కని అడిగి ఇస్తా.