నూటయాభై మందిని మోసిన చింత

ఉప్పల్ భగాయత్ పేరులోని ‘భగాయత్’ అంటే తోటభూమి అని అర్థం. ఆ తోటల చోట లేఅవుట్ వెలిసినా, దాని పక్కగా మూసీ నేటికీ పారుతూనే ఉంది. అదే నదికి ఎగువన, అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ముసలి చింతచెట్టు, 1908 సెప్టెంబరు 28న వరద నగరాన్ని ముంచెత్తినప్పుడు, తన కొమ్మలెక్కిన సుమారు 150 మందిని కాపాడిందని ప్రసిద్ధి. లోతుకు దిగే వేళ్లు, వంగినా విరగని కొమ్మలు చింతకు సహజగుణాలు; చింతబరికెను ఎరిగినవారికి ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆ విలయం తరువాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు రూపుదిద్దుకున్నాయి. చార్మినార్‌ను చూడవచ్చేవారికి ఈ చెట్టునూ చూపించడం న్యాయం, ఎందుకంటే ఇంతటి ఉపకారం చేసిన కట్టడం నగరంలో అరుదు. నెర్రెలిచ్చిన నల్లని బెరడు, పొద్దువాలగానే రెండేసిగా ముడుచుకొనే చిట్టి ఆకులు దగ్గరకు వెళితేనే కనిపిస్తాయి. ఉప్పల్, నాచారం వాసులు సెలవునాటి నడకకు పిల్లలతో ఒక్కసారి అక్కడికి వెళ్లాలి.