వేగం ఒక్కటే రోగం పేరు చెప్పదు

దక్షిణ కోల్‌కతాలోని హజ్రాలో చిత్తరంజన్ క్యాన్సర్ ఆసుపత్రిని 1950లో ప్రారంభించింది మేరీ క్యూరీ కుమార్తె ఐరీన్ జోలియో క్యూరీ. ఆ రోజుల్లో లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) రకాన్ని ప్రధానంగా కణాల రూపాన్ని బట్టే తేల్చేవారు. ఇప్పుడు ఇదే నగరంలో నేను చూసిన ఒక పాథాలజీ విభాగంలో, ఒకే గడ్డలోంచి కోసిన పల్చటి పొరలు వరసగా స్లైడ్ల మీద ఉన్నాయి. ఒక్కోదానికి, ఒక ప్రోటీన్‌ను వెతికి అంటుకునే ఒక్కో యాంటీబాడీ. వెతికే ప్రోటీన్ ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది. అందరి చూపూ ముందు పడేది కేఐ-67 మీద. విభజనలో ఉన్న కణాల్లో కనిపించి, విశ్రాంతిలో ఉన్నవాటిలో కనిపించని ఈ ప్రోటీన్, గడ్డ పెరిగే జోరును శాతంలో చెబుతుంది. కానీ ఆ శాతాన్ని బట్టే రోగం పేరు పెట్టేయలేమని ఆ స్లైడ్ల వరసే చెబుతోంది.

సరిచూసుకోవడానికి వాడే టాన్సిల్ ముక్కనే తీసుకుందాం. అందులో బీ కణాలు చురుగ్గా విభజన చెందే జెర్మినల్ సెంటర్లలో కేఐ-67 దట్టంగా ఉంటుంది. అయినా అది క్యాన్సర్ కాదు. బర్కిట్ లింఫోమాలో ఈ శాతం దాదాపు 100. డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ లింఫోమాలో చాలావరకు 40కి పైనే, కొన్నిసార్లు 90 కూడా దాటుతుంది. అలా దాటినదాన్ని బర్కిట్ నుంచి విడదీయాలంటే మిగతా మార్కర్లు (కణాన్ని గుర్తుపట్టించే ప్రోటీన్లు) కావాలి. బర్కిట్‌లో సీడీ10, బీసీఎల్6 ఉంటాయి, బీసీఎల్2 సాధారణంగా ఉండదు. టీడీటీ ఉంటే లింఫోబ్లాస్టిక్‌ను, సైక్లిన్ డీ1 ఉంటే మాంటిల్ సెల్‌ను, సీడీ20 లేకుండా సీడీ138 ఉంటే ప్లాస్మాబ్లాస్టిక్‌ను అనుమానిస్తారు. లార్జ్ బీ సెల్‌లోనూ 2004 నాటి హాన్స్ పద్ధతి సీడీ10, బీసీఎల్6, మమ్1లతో కణం పుట్టుకను అంచనా కడుతుంది.

ఇన్ని పరీక్షల ఖర్చు రోగి ఎందుకు భరించాలన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ పేరు మారితే మందు మారుతుంది. లార్జ్ బీ సెల్‌కు చాలాకాలంగా వాడుతున్న ఆర్-చాప్ మందుల కలయిక బర్కిట్‌కు చాలదు, ఇంకా తీవ్రమైన కీమో కావాలి. ఆ కలయికలోని రిటుక్సిమాబ్ సీడీ20నే పట్టుకుంటుంది కాబట్టి, సీడీ20 లేని గడ్డ మీద అది పనిచేయదు. జన్యుపరీక్ష ఉండగా ఈ రంగులెందుకని మరికొందరంటారు. బర్కిట్‌కు ముఖ్య గుర్తైన మిక్ జన్యువు చోటు మారిందా అన్నది ఖాయం చేసేది ఫిష్ అనే జన్యుపరీక్షే, నిజం. అయితే కణం ఏ జాతిదో, సీడీ20 ఉందో లేదో అది చెప్పదు. అలాగని కేఐ-67 వృథా కాదు: శాతం తక్కువైతే బర్కిట్ అనుమానం దాదాపు తీరిపోతుంది. కాబట్టి రిపోర్టులో ఆ ఒక్క అంకె చూసి బెంబేలెత్తకండి. మార్కర్లన్నీ కలిపి ఏ పేరు తేల్చాయో డాక్టరును అడగండి.