గోడ దిగని గీజర్

చలికాలం వచ్చిందంటే ఎమర్జెన్సీ వార్డుకు ఒక రకం కేసులు తప్పవు. స్నానానికి వెళ్లిన మనిషి ఎంతకీ బయటికి రాడు. తలుపు పగలగొడితే నేల మీద పడి ఉంటాడు, వేణ్ణీళ్లు పారుతూనే ఉంటాయి. వయసు చూస్తే పాతికో ముప్పయ్యో. తమ్ముడు గుండెపోటంటాడు, బావమరిది ఫిట్సంటాడు, ఇంట్లో పెద్దావిడ గాలి సోకిందంటుంది. ముగ్గురిలో నిజానికి కాస్త దగ్గరగా ఉన్నది ఆవిడే! బతికి బయటపడ్డవాళ్లకు ఈసీజీ, ఈఈజీ, ఎమ్మారై అన్నీ తీయిస్తారు. కొందరికి లేని మూర్ఛకు మాత్రలు కూడా మొదలవుతాయి. బాత్రూం గోడకున్న గ్యాస్ గీజర్ మాత్రం దిగదు. డిశ్చార్జయి ఇంటికెళ్లి, మర్నాడు దాని కిందే తలంటు పోసుకుంటారు. వైద్యుడికి ఒళ్లు మండేది ఇక్కడే. ఈ జబ్బుకు మూలం రోగి ఒంట్లో లేదు, గీజర్ బిగించిన చోట ఉంది. ఆ చోటు మారనంతకాలం మేం చేసేది సగం వైద్యమే.

లెక్క చూడండి. కిలో ఎల్పీజీ పూర్తిగా మండాలంటే దాదాపు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తున్న బాత్రూంలో ఉండే గాలంతా కలిపితే 8 ఘనపు మీటర్లు. నిమిషానికి ఆరు లీటర్లు కాచే గీజర్ గంటకు కిలోకు కాస్త అటూ ఇటూగా గ్యాస్ తాగుతుంది. అంటే 20 నిమిషాలు ఆపకుండా వాడితే గదిలో సగం గాలికి దగ్గరగా మంటకే కావాలి. ఆక్సిజన్ తగ్గేకొద్దీ మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. బర్నర్‌కు మసి పట్టి, నీలంగా ఉండాల్సిన మంట కొసలు పచ్చబడితే ఇంకా ఎక్కువ పుడుతుంది. హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే దీన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, కళ్లు తిరగడం, ఆ తర్వాత కాళ్లు చేతుల్లో సత్తువ పోవడం. గడియ తీయాలని తోచినా చెయ్యి లేవదు. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్‌కు ఈ రెండు వాయువుల తేడా తెలియదు. అది దర్జాగా 98 చూపిస్తుంది, చూసినవాళ్లు ఆక్సిజన్ బాగానే ఉందనుకుంటారు. చికిత్స, మాస్కు పెట్టి నూరు శాతం ఆక్సిజన్. మామూలు గాలిలో ఈ విషం సగానికి దిగడానికి నాలుగైదు గంటలు పడితే, ఆక్సిజన్ మీద గంటో గంటన్నరో. కానీ కోలుకున్నారని పంపినవాళ్లలో కొందరికి రోజులో వారాలో గడిచాక మతిమరుపు, నడకలో తడబాటు మొదలవుతాయి. వాటికి మా దగ్గర గొప్ప మందేమీ లేదు.

ఇదంతా చెప్పాక వాదనలు మొదలు. వాసనే రాలేదు కదా అంటారు. సిలిండర్ గ్యాస్‌కు సొంతంగా వాసన లేదు, లీకైతే తెలియాలని కలుపుతారు. మంటలో అదీ కాలిపోతుంది. ఇక కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. వెంటిలేటర్ ఉందంటారు. ఉంటుంది, చలిగాలి రాకుండా అట్టముక్క అడ్డం పెట్టి! ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందంటారు. తలుపు బిగించి, కింద సందు కూడా లేకుండా చేస్తే అది లాగడానికి కొత్త గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది? గీజర్‌కు పొగగొట్టం ఉన్నా, ఆ పొగను ఫ్యానే గదిలోకి వెనక్కి లాగవచ్చు. అన్నిటికంటే బలమైన వాదన, ఐదేళ్లుగా వాడుతున్నాం, ఏమీ కాలేదన్నది. ఎండాకాలంలో కిటికీ తెరిచి, రెండు బకెట్లతో ముగించినన్నాళ్లూ కాకపోవచ్చు. భోగి తెల్లవారుజామున ఇంటిల్లిపాదీ వరుసగా తలంట్లు పోసుకుంటే, నాలుగో మనిషి అడుగుపెట్టేది ముగ్గురి స్నానాలతో పాడైన గాలిలోకి. ఆ ఐదేళ్లలో బర్నర్ ఒక్కసారైనా శుభ్రం చేయించారా అంటే జవాబుండదు.

కరెంటు బిల్లు భరించలేమన్న మాటను మాత్రం కొట్టిపారేయలేను. అందుకే గీజర్ మానెయ్యమని అనడం లేదు, గోడకు అవతల పెట్టమంటున్నాను. వేడినీళ్లు పైపులో లోపలికి వస్తాయి, మంట లోపలికి రానక్కర్లేదు. గాలాడే పెరటి గోడో, తెరిచి ఉన్న బాల్కనీయో చాలు. అద్దాలు మూసిన బాల్కనీ పనికిరాదు. అపార్ట్‌మెంట్ డక్ట్ కూడా మంచి చోటు కాదు, అందరి బాత్రూం వెంటిలేటర్లూ తెరుచుకునేది అందులోకే. ఇంతటి నిర్ణయాన్ని మన ఇళ్లలో ప్లంబర్‌కు వదిలేస్తారు. ఆయనేమో పైపు ఎక్కడ తక్కువ పడుతుందో అక్కడ మేకు కొడతాడు. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్ల ఇళ్లలో బేస్‌మెంట్‌లో గ్యాస్ ఫర్నేస్ ఉంటుంది. దాని పొగ గొట్టంలోంచి ఇంటి బయటికి పోతుంది, చాలా రాష్ట్రాల్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం చట్టప్రకారం తప్పనిసరి. అయినా గొట్టం మూతికి మంచు అడ్డుపడితే ప్రమాదమే. అక్కడ అన్ని జాగ్రత్తల మధ్య భయపడే మంటను ఇక్కడ గడియ పెట్టుకున్న గదిలో నెత్తిమీద వేలాడదీసుకుంటున్నాం. బాలింత గదిలో తలుపులు మూసి పెట్టే బొగ్గుల కుంపటిదీ ఇదే విషం.

గీజర్ బయటికి మార్చేదాకా గడియ వేసుకోకండి, బకెట్లు నింపుకుని, మంట ఆర్పి, గది గాలాడాక స్నానానికి వెళ్లండి. ఎవరైనా పడిపోతే ముందు తలుపులు తెరిచి, గ్యాస్ కట్టేసి, మనిషిని బయటికి లాగి 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో మేం అడిగినా అడగకపోయినా, బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉందన్న మాట మొదట చెప్పండి.