పనికిరాదంటేనే పంపిస్తారట

బ్రిటిష్ మ్యూజియం తన దగ్గరున్న వస్తువును ఎప్పుడు వదులుకోవచ్చు? 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం ఐదో సెక్షన్లో ప్రధానంగా మూడు షరతులున్నాయి. అలాంటిదే ఇంకొకటి మ్యూజియంలో ఉండాలి. లేదా అది 1850 తర్వాతి అచ్చు కాగితమై, దాని ఫోటో కాపీ ఉండాలి. లేదా ఉంచుకోవడానికి పనికిరాదని ట్రస్టీలు అనుకోవాలి, అది పోయినా చదువుకునేవాళ్లకు నష్టం ఉండకూడదు.

కోడ్ రాసే అలవాటు కొద్దీ అమరావతి శిల్పాలను ఈ షరతుల్లో పెట్టి చూశాను. దేంట్లోనూ ఇమడవు. పనికిరానివైతే వచ్చేవేమో. గొప్పవి కాబట్టే రావు.

1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఆ రాళ్లు కొన్నేళ్లు మద్రాసులో ఉండి, 1859లో లండన్ చేరాయి. 1880 నుంచి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అంటే, వాటిని కదలనివ్వని చట్టం 83 ఏళ్ల తర్వాత పుట్టింది.

మా ఉమ్మడి నల్లగొండలోని ఫణిగిరి శిల్పాలూ సముద్రం దాటాయి. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం పెట్టిన తొలినాటి బౌద్ధ శిల్పాల ప్రదర్శనకు వెళ్లాయి. కానీ అవి అరువు మీద, గడువుతో పోయినవి. మన 1972 పురావస్తువుల చట్టం ప్రకారం, కేంద్రమో అది అధికారమిచ్చిన సంస్థో తప్ప ఇంకెవరూ అలాంటివి దేశం దాటించలేరు.

"మాకు ఇవ్వాలనే ఉంది, చట్టం ఒప్పుకోదు" అనే మాట లండన్ కోర్టు దాకా వెళ్లింది. నాజీలు ఫెల్డ్‌మన్ అనే ఆయన నుంచి దోచిన చిత్రాలను ఆయన వారసులకు ఇచ్చేద్దామని మ్యూజియమే అనుకుంది. నైతిక బాధ్యత ఉన్నా చట్టాన్ని దాటలేరని 2005లో కోర్టు చెప్పింది. 2009లో పార్లమెంటు నాజీ కాలపు దోపిడీ వస్తువుల కోసం కొత్త చట్టం చేసింది. తలుపు తెరుచుకుంది, వాళ్ల వరకే.

అన్నీ రేపే తెచ్చేయాలని నేను అనను. లండన్లో పెరిగే తెలుగు పిల్లలు వాటిని అక్కడ చూడటమూ విలువైనదే. కానీ అడిగితే వినే దారి ఒకటి ఉండాలి కదా.

రాళ్లు కదలడం పాలమూరుకు కొత్త కాదు. శ్రీశైలం నీళ్లలో మునుగుతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయీ రాయీ విప్పి అలంపూర్లో మళ్లీ కట్టారు. గుడినే కదిలించగా లేనిది, ఒక సెక్షన్ను కదిలించలేరా? మా చేతుల్లో లేదని ట్రస్టీలు అనొచ్చు. పార్లమెంటు మాత్రం ఆ మాట అనలేదు.