చిన్న రైళ్ల ఏడాది: 2020 డైరీలోంచి

జనవరి 10
చిన్న రైళ్ల కంపెనీ హార్న్‌బీ ఈ ఏటి జాబితా రాత్రంతా చదివాను. లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ కీ ఇస్తే నడిచే రైళ్లు అమ్మడం మొదలుపెట్టింది 1920లో. ఈ నూరేళ్ల సందర్భానికి స్టీఫెన్‌సన్ ‘రాకెట్’ను మూడు బోగీలతో కొత్తగా చేస్తున్నారు. నిజానికి ఇప్పటి హార్న్‌బీ రైళ్ల వంశం మార్గేట్‌లోని ట్రయాంగ్ ఫ్యాక్టరీది. 1964లో ఫ్రాంక్ పెట్టిన మెకానో కంపెనీ ట్రయాంగ్ వాళ్లకు అమ్ముడుపోయాకే ఆ పేరు ఈ రైళ్లకు వచ్చింది. అయినా వందేళ్లు నిలిచిన పేరు. పిల్లల చేతికి ఇంజనీరింగును ఇచ్చిన మనిషి పేరు. పండగ చేసుకోవలసిందే.

నా కళ్లు మాత్రం డబ్ల్యూ1 ఆవిరి ఇంజను దగ్గర ఆగాయి. 1929లో బ్రిటిష్ ఇంజనీరు గ్రెస్లీ కట్టిన ప్రయోగం అది. ఓడల్లో వాడే తరహా బాయిలర్, చదరపు అంగుళానికి 450 పౌండ్ల ఆవిరి ఒత్తిడి. అలాంటిది ఒక్కటే కట్టారు. అనుకున్నట్టు పనిచేయక 1937లో మామూలు బాయిలర్ పెట్టేశారు. ఆ ఒక్క ఇంజను కోసం ఇప్పుడు అచ్చులు పోయిస్తున్నారు.

మన డబ్ల్యూపీ ఆవిరి ఇంజన్లు 755. గుండ్రటి ముక్కు, దాని మీద నక్షత్రం. ఏ జాబితా తిరగేసినా కనబడవు.

జనవరి 31
న్యూరెంబర్గ్ బొమ్మల సంత నడుస్తోంది. మార్క్‌లిన్, రోకో, పీకో అందరూ ఏడాది సరుకును అక్కడ పరుస్తారు. మార్క్‌లిన్‌ది 1859 నాటి దుకాణం. 2009లో దివాలా పిటిషన్ వేసి, 2013లో సింబా-డికీ అనే బొమ్మల కంపెనీ చేతిలో పడి మళ్లీ లేచింది. ఫొటోల్లో మూడో యుగం, నాలుగో యుగం ఇంజన్లే ఎక్కువ. అంటే రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి నలభై ఏళ్లవి. కొనేవాళ్లు చిన్నప్పుడు ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసినవే అడుగుతారు. వాళ్ల బాల్యం బొమ్మగా మిగులుతుంది. ఇందులో తప్పేమీ లేదు. కాజీపేటలో నిలబడి చూసిన పిల్లల సంగతి ఎవరికి పడుతుంది అన్నదే నా బాధ.

ఫిబ్రవరి 1
బడ్జెట్. బొమ్మల మీద దిగుమతి సుంకం 20 నుంచి 60 శాతం. చిన్న రైళ్లూ ఆ పద్దులోవే. దేశీయంగా తయారుచేసేవాళ్లను నిలబెట్టాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ఇక్కడ దాదాపు ఎవరూ చెయ్యని వస్తువుకు ఆ గోడ ఎవరిని కాపాడుతుంది?

ఫిబ్రవరి 24
చైనాలో కొత్త సంవత్సరం సెలవులు కరోనా వైరస్ వల్ల సాగిపోయాయి. ప్రపంచంలోని మోడల్ రైళ్లలో చాలా భాగం అక్కడే తయారవుతుంది గనక విడుదల తేదీలన్నీ వెనక్కి జరుగుతాయి. మామూలు రోజుల్లోనే ప్రకటనకూ అట్టపెట్టెకూ మధ్య రెండు మూడేళ్లు పట్టడం వింత కాదు. మ్యూజియంలో ఉన్న ఇంజన్ను స్కాన్ చేయాలి, కంప్యూటర్లో గీయాలి, ఉక్కు అచ్చు చెక్కాలి. ఆ తర్వాత రంగు లేని ప్లాస్టిక్ నమూనా వస్తుంది. నాకు ఆ నమూనాల ఫొటోలే ఇష్టం. రంగు లేనప్పుడు చెక్కిన చెయ్యి తెలుస్తుంది.

మార్చి 23
కరోనా కట్టడికి నిన్నటి నుంచి దేశంలో ప్రయాణికుల రైళ్లన్నీ ఆగాయి. రాత్రి కూత లేదు. పట్టాల పక్కనే పెరిగినవాణ్ణి, నిద్ర పట్టలేదు.

ఏప్రిల్ 14
నా దగ్గరున్న పాత బ్లాక్ ఫైవ్ మోడల్ ఇంజన్ను విప్పాను. చక్రాల అంచున నల్లటి జిడ్డు అట్టకట్టింది. దూది చుట్టిన పుల్లను స్పిరిట్‌లో ముంచి ఒక్కో చక్రం తిప్పుతూ తుడిస్తే, నలుపు కింద లోహం తెల్లగా తేలింది. కరెంటు పట్టాల నుంచి చక్రాల ద్వారానే మోటారుకు వెళ్తుంది. వెంట్రుకవాసి మురికి ఉన్నా బండి కుంటుతుంది. ఇరుసుకు ఒక్క చుక్క నూనె, అంతకు మించకూడదు. క్యాబ్ పక్కన అంకెల కింద ఒక అక్షరాల వరుస ఉంది. ఇన్నేళ్లూ గీత అనుకున్నాను. భూతద్దం పెడితే చదవగలిగాను. ఎవరూ చూడరని తెలిసీ ఆ అక్షరాలు అచ్చువేసినవాళ్లకు దండం.

మే 1
తెల్లవారుజామున లింగంపల్లి నుంచి హటియాకు వలస కూలీలతో మొదటి శ్రామిక్ రైలు కదిలింది. 24 బోగీలు, సుమారు 1,200 మంది. రైలంటే ఏమిటో ఈ ఉదయం దేశమంతటికీ తెలిసింది. ఈ రోజు కేటలాగు తెరవలేదు.

ఆగస్టు 9
కాగితం మీద లెక్క. బ్రిటిష్ మోడళ్లు అసలులో 76వ వంతు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. 1,435 మిల్లీమీటర్ల అసలు దారిని ఆ వంతున తగ్గిస్తే దాదాపు 18.9 రావాలి. ఈ కొలత పుట్టిన రోజుల్లో మోటార్లు పెద్దవి, బ్రిటన్ ఇంజన్లు సన్నవి. మోటారు పట్టడానికి ఒళ్లు పెంచారు, పట్టాలను మాత్రం అలాగే ఉంచేశారు. ఆ సర్దుబాటే ఇప్పటికీ నడుస్తోంది.

మన బ్రాడ్‌గేజి 1,676. అదే వంతున దాదాపు 22 మిల్లీమీటర్లు. డబ్ల్యూపీని 16.5 మీద నిలబెడితే పీలకాళ్ల పహిల్వానులా ఉంటుంది. ఆ దర్జా అంతా వెడల్పులోనే ఉంది.

నవంబరు 21
మాంచెస్టర్‌లో ఉన్న అన్నయ్య కొడుకు వీడియోలో రాకెట్‌ను చూపించాడు.
“బాబాయ్, ఇది అరచేతిలో పట్టేస్తోంది!”
“పొగగొట్టం పట్టుకోకురా, అడుగున పట్టుకుని ఎత్తు.”
పసుపు ఒళ్లు, పొడవాటి తెల్ల గొట్టం, ఏటవాలు సిలిండరు. మెల్లగా నడిపించమన్నాను. ఎక్కడా తడబడకుండా బల్ల చివరిదాకా వెళ్లింది. విమానాలు మామూలైనప్పుడు తెస్తానన్నాడు. తొందరలేదు, అక్కడే నడిపిస్తూ ఉండమన్నాను. నడవని బండి పాడవుతుంది.

డిసెంబరు 20
కొత్త ఏడాది జాబితాలు మళ్లీ వస్తాయి. వాటిలో డబ్ల్యూపీ ఉండదు. ముందుగా సొమ్ము కట్టేవాళ్లు చాలినంతమంది లేనిదే అచ్చుకు పెట్టుబడి రాదు, అది కంపెనీల తప్పు కాదు. ఇంజను నా వల్ల కాదు గానీ నాలుగు చక్రాల గూడ్సు వ్యాగన్ అవుతుంది. 22 మిల్లీమీటర్ల దారికి సరిపడే ఇరుసు బజార్లో దొరకదు. రాణీగంజ్‌లో లేత్ పనిచేసే ఆయనకు బొమ్మ గీసి ఇచ్చాను. ఇంత సన్నని ఉక్కు కడ్డీ ఎందుకని అడిగాడు. చెప్పాను. కాసేపు కాగితం చూసి, వాళ్ల నాన్న లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేశారని, చివరి మొనలు తానే స్వయంగా తీస్తానని అన్నాడు. నాలుగు ఇరుసులు చెప్పి వచ్చాను, రెండు అదనంగా.